విశాఖలో చర్చి ముఖమండపం ఎలా కట్టుకోవాలి

చర్చి కడుతున్నారంటే కమిటీలో అందరి కళ్లూ బలిపీఠం మీదా, గోపురం మీదా ఉంటాయి. ముందు గది ఊసు ఆఖర్న వస్తుంది. అప్పటికి చందాలూ అయిపోతాయి, స్థలమూ అయిపోతుంది. మిగిలిన ఆరడుగుల్లో రెండు స్తంభాలు లేపి, పైన స్లాబు వేసి, పోర్టికో అయిందనిపిస్తారు. ఇక పాతికేళ్ల పాటు చెప్పులూ గొడుగులూ, ఏడ్చే పిల్లలూ, పెళ్లికూతుళ్లూ, శవపేటికలూ అన్నీ ఆ ఆరడుగుల్లోంచే ఒరుసుకుంటూ పోవాలి.

మా సంఘం బిల్డింగ్ కమిటీలో నేను రెండుసార్లు ఉన్నాను. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి డబ్బు పోసి దిద్దుకున్నాం. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను.

ఈ గదికి మా దగ్గర తలా ఒక పేరు. ఇంజినీరు ఫోయర్ అంటాడు, సెమినరీలో చదివినవాళ్లు నార్థెక్స్ అంటారు, మా మామ్మ 'ముందు పంచ' అనేది. సింహాచలంలో పనిచేసొచ్చిన రాతి మేస్త్రి మాత్రం చూడగానే "ముఖమండపం కదండీ" అన్నాడు. అదే బాగుంది, అదే వాడతాను.

తొలి శతాబ్దాల చర్చిల్లో దీని పని చాలా స్పష్టంగా ఉండేది. ఇంకా బాప్తిస్మం తీసుకోనివాళ్లు, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లు ఇక్కడ నిలబడేవారు. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాకి ఇలాంటి మండపాలు ఒకదాని వెనక ఒకటి రెండున్నాయి. లోపలి దాన్నుంచి ప్రధాన మందిరంలోకి తొమ్మిది ద్వారాలు, నడిమిది చక్రవర్తికి. మధ్యయుగాల ఇంగ్లండులో పెళ్లి ప్రమాణాలు చర్చి వాకిట్లోనే చేయించేవారు. కతోలికుల్లో ఇవాళ్టికీ పసిబిడ్డ బాప్తిస్మం తలుపు దగ్గరే మొదలవుతుంది. ఫాదర్ గారు ఎదురొచ్చి, బిడ్డకు ఏం పేరు పెడుతున్నారని అడిగేది అక్కడే. శవపేటిక వచ్చినా తలుపు దగ్గరే ఆపి, పవిత్ర జలం చల్లి లోపలికి తీసుకెళ్తారు. అంటే జనం ఇక్కడ ఆగుతారు. ఆగే మనిషికి ఎంత చోటు కావాలి, ఏమేం కావాలి అని ఆలోచిస్తే ప్లాను దానంతటదే వస్తుంది.

మొదట: ఒక ఆదివారం నిలబడి చూడండి

గీతలు గీయకముందు ఒక ఆదివారం ఆరాధన మానేసి, పాత చర్చి వాకిట్లో నోటుపుస్తకంతో నిలబడండి. దేవుడు క్షమిస్తాడు.

నేను చూసినవి చెప్తాను. ఆరాధన ఎనిమిదిన్నరకైతే, ఎనిమిదీ ఇరవై అయిదు నుంచి ఎనిమిదీ నలభై మధ్యే సగం జనం వచ్చారు. ఒక మామ్మ గారు చెప్పు విప్పడానికి గోడ పట్టుకుందామని చూస్తే అక్కడ గోడ లేదు, ఫ్లెక్సీ ఉంది. చెయ్యి ఫ్లెక్సీలోకి దిగిపోయింది. పక్కనున్న కుర్రాడు పట్టుకోబట్టి సరిపోయింది. చంటిపిల్ల తల్లులు నలుగురు ప్రసంగం మొదలవగానే బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు. కాలేజీ కుర్రాళ్లు ఆరేడుగురు మొదటి నుంచి చివరిదాకా గుమ్మం దగ్గరే ఉన్నారు. వాళ్లు లోపలికి రారు, ఇంటికీ పోరు. వాళ్లకీ చోటు ఉండాలి, వాళ్లు మనవాళ్లే. ఆరాధన అయ్యాక అరగంట దాకా అరవై మంది దాకా అక్కడే కబుర్లలో ఉన్నారు.

ఈ అంకెలు రాసుకోండి. కొలతలన్నీ వీటి మీదే ఆధారపడతాయి.

కొలతలు

చేతిలో బైబిలు, భుజాన సంచి, పక్కన పిల్లాడు ఉన్న మనిషి మెసలాలంటే ఆరు చదరపు అడుగులు వేసుకోండి. ఇది నా లెక్క. అరవై మందికి 360 చదరపు అడుగులు. చర్చి వెడల్పు 30 అడుగులైతే మండపం లోతు 12 అడుగులు వస్తుంది. పదికి తగ్గించమని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. పది వరకు ఒప్పుకోండి, ఎనిమిదికి ఒప్పుకోవద్దు.

ఎందుకంటే ఇంకో కొలత ఉంది, దాన్ని పైకి అడగడానికి అందరూ మొహమాటపడతారు. శవపేటిక ఆరు, ఆరున్నర అడుగుల పొడవుంటుంది. రెండు వైపులా మోసేవాళ్లను కలుపుకుంటే అయిదారు అడుగుల వెడల్పు. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఆ పేటిక మొత్తం ఆగగలగాలి, వెనక తలుపు మూయగలగాలి. మా పాత వరండాలో పేటికను ఏటవాలుగా ఎత్తి తిప్పాల్సి వచ్చేది. ఏడుస్తున్న ఇంటివాళ్ల ముందు "కొంచెం ఎత్తండి, ఎడమకి, ఎడమకి" అని అరవడం ఎంత బాధగా ఉంటుందో ఒక్కసారి చూస్తే చాలు.

లోపల ఏసీ పెట్టే ఆలోచన ఉంటే ఈ లోతు ఇంకోలా కూడా పనికొస్తుంది. ఒక తలుపు మూసుకున్నాక రెండోది తెరుచుకునేంత దూరం ఉంటే చల్లగాలి బయటికి పోదు.

ప్లాను జీవీఎంసీకి (మన నగరపాలక సంస్థకి) పెట్టేటప్పుడు మండపాన్ని కలిపే పెట్టండి. తర్వాత అతికిద్దాం అనుకుంటే ముందు వదలాల్సిన ఖాళీ స్థలంలోకి వచ్చి పేచీ అవుతుంది.

దిక్కు

పాత సంప్రదాయంలో బలిపీఠం తూర్పున, వాకిలి పడమరన. విశాఖకి సముద్రం ఆగ్నేయం వైపుంది కాబట్టి పడమటి వాకిలికి ఉప్పుగాలి నేరుగా తగలదు. ఆ మేరకు లాభమే. కానీ మే నెలలో మధ్యాహ్నం మూడు దాటితే ఎండ తిన్నగా లోపలి తలుపు దాకా వస్తుంది. సాయంత్రం కూటానికి వచ్చినవాళ్లు కళ్లు చికిలించుకుంటూ నిలబడాలి. పడమర వాకిలైతే చూరు కనీసం మూడడుగులు ముందుకి తీయండి. పక్క గోడల్లో సిమెంటు జాలీ పెట్టండి, గాలి ఆడుతుంది. తూర్పు వాకిలైతే జాలీ వద్దు, జల్లు కొడుతుంది. అక్కడ గట్టి గోడే మేలు.

తలుపులు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మా మొదటి తప్పు ఇదే.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, ఆదివారం. ఆరాధన పెట్టుకోలేదు, అదొక్కటే అదృష్టం. మా ముందు తలుపులు టేకువే, మంచివే, కానీ లోపలికి తెరుచుకునేవి. వాటిని ఆపుతున్నది పైన ఒకటి, కింద ఒకటి, అరచేయంత గడియలు. గాలికి గడియ విరిగింది, రెక్కలు రెండూ లోపలికి బద్దలుకొట్టుకుని తెరుచుకున్నాయి. తెరుచుకున్నాక గాలి హాల్లో నిండి పైకి తన్నింది. రేకులు లేచిపోవడానికి ఎంతోసేపు పట్టలేదని వాచ్‌మన్ చెప్పాడు. పైకప్పు పోవడానికి కారణం పైకప్పు కాదు, రెండు గడియలు. తుఫాను కన్ను ఊరి మీదుగానే దాటింది. కాసేపు తెరిపిచ్చి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. అందుకే మా వాకిలి సముద్రం వైపు లేదులే అని ధీమాగా ఉండకండి.

లెక్క చూడండి. భవనాల మీద పడే భారాలకి భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం విశాఖకి తీసుకోవాల్సిన మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకి ఇంచుమించు 150 కిలోల ఒత్తిడి. రెండు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు తలుపు మీద ఏడు క్వింటాళ్ల పైచిలుకు. అంత బరువుని అరచేయంత గడియ ఆపుతుందా?

తలుపు బయటికి తెరుచుకునేలా పెడితే ఎదురుగాలి దాన్ని ద్వారబంధానికేసి ఇంకా బిగిస్తుంది. గడియ మీద భారం తగ్గుతుంది. జనం గుమిగూడే భవనాల్లో తలుపులు బయటికే తెరుచుకోవాలని జాతీయ భవన నియమావళి కూడా చెప్తుంది, అయితే వేరే కారణంతో. లోపల పొగో, తొక్కిసలాటో వచ్చినప్పుడు జనం తలుపు మీద పడతారు, లోపలికి లాగే వీలుండదు. క్రిస్మస్ రాత్రి, డిసెంబరు 31 రాత్రి మన చర్చిల్లో ఉండే జనాన్ని తలుచుకుంటే ఇది ఎంత అవసరమో అర్థమవుతుంది. తలుపు వెడల్పు రెండు మీటర్లకి తగ్గనివ్వకండి.

మా వడ్రంగి మాత్రం ఒప్పుకోలేదు. "బయటికి తెరిస్తే కళ పోద్దండి బాబూ. ఎక్కడైనా గుమ్మం లోపలికే కదా తెరుస్తారు" అన్నాడు. "ఇల్లయితే అలాగేనయ్యా, ఇక్కడ అయిదొందల మంది ఒక్కసారి బయటికి రావాలి" అంటే కాసేపు ఆలోచించి, "అయితే బందులు నాలుగేసి పెట్టాలి, మూడు ఆగవు" అన్నాడు. అతను చెప్పింది నిజం. ఎత్తు తలుపు రెక్కకి నాలుగు ఇత్తడి బందులు, పైకీ కిందికీ అడుగున్నర పొడవు బోల్టులు, బోల్టు దిగే చోట నేలలో ఇత్తడి గుంట. తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా గోడకి కొక్కెం. ఆ కొక్కెం మర్చిపోతే మొదటి వానాకాలంలోనే ఎవరిదో ఒక వేలు నలుగుతుంది.

లోపలి తలుపులకి అద్దం పెట్టండి, కనీసం పై సగం. పిల్లని ఎత్తుకుని మండపంలో నిలబడ్డ తల్లికి బలిపీఠం కనబడాలి. ఒక చిన్న స్పీకరు కూడా బిగించండి. మా దగ్గర ఎక్కువ మంది మెచ్చుకున్నది ఈ రెండు వందల రూపాయల వైరునే.

కాంక్రీటు, ఇనుము, ఉప్పు

సముద్రపు గాలిలో ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగుతుంది. చువ్వల దాకా వెళ్లాక తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. పాతనగరంలో ఏ వీధిలో నడిచినా బాల్కనీల కింద ఈ పెచ్చులు కనిపిస్తాయి.

కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతాన్ని 'తీవ్రం' అనే తరగతిలో పెట్టింది. దాని ప్రకారం కాంక్రీటు బలం ఎం30 తరగతికి తగ్గకూడదు, చువ్వల మీద కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు ఉండాలి, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. మేస్త్రికి అర్థమయ్యేలా చెప్పాలంటే 50 కిలోల బస్తాకి ఇరవై రెండున్నర లీటర్ల నీళ్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. పోయడానికి సులువని నీళ్లు ఎక్కువ కలుపుతారు. స్లాబు రోజు కమిటీవాళ్లు పులిహోర పొట్లాలు పంచడంతో ఆగకుండా, ఒకరు మిక్సరు దగ్గర బకెట్లు లెక్కపెడుతూ నిలబడాలి. చువ్వల కింద పగిలిన టైలు ముక్కలు పెట్టనివ్వకండి, 45 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ముందే పోయించుకోండి. ఇక తీరంలో తవ్విన ఇసుక వద్దే వద్దు.

రెయిలింగుల దగ్గర మేము మోసపోయాం. స్టెయిన్‌లెస్ స్టీలు అని బిల్లు ఇచ్చారు, ఎనిమిది నెలలకి టీ మరకల్లాంటి చారలు వచ్చాయి. అడిగితే "మీరు తుడవట్లేదండీ" అన్నారు. తప్పు సగం మాదే, గ్రేడు అడగలేదు. సముద్రపు గాలికి 316 గ్రేడు కావాలి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది అదే. 304లో అది ఉండదు. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. మాలిబ్డినం పరీక్షకి చుక్కల మందు దొరుకుతుంది, దాంతో చూడండి, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. మరలు కూడా అదే గ్రేడువి కావాలి. ఖరీదైన గొట్టానికి చవక మర బిగిస్తే ముందు మరే పోతుంది.

నేల, మెట్లు, గడప

మెరిసే గ్రానైటు మీద వాన పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టెక్కలి గ్రానైటు వాడుకోండి, కానీ పాలిష్ బదులు మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ తీసుకోండి. ఖర్చు తగ్గించాలంటే తాండూరు రాయి గరుకుది చాలు. నేల బయటికి వాలుగా ఉండాలి. తలుపు ముందు అడ్డంగా ఒక కాలువ తీసి పైన జల్లెడ వేస్తే జల్లు అక్కడే ఆగిపోతుంది.

మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదు, అడుగు పెట్టే వెడల్పు అడుగు. మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే ఈ ఎత్తుకి పద్దెనిమిది అడుగుల ర్యాంపు. అంత పొడవు ఎక్కడుందని అంటారు. పక్కగోడ వెంట తిప్పండి, మలుపు దగ్గర చక్రాల కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును వదలండి. చిన్నగా కట్టి నిటారుగా పెట్టిన ర్యాంపు మోటారు సైకిళ్లు ఎక్కించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

గడప విషయంలో పెద్దవాళ్లు పట్టుబడతారు. గడప లేని గుమ్మమేంటి అంటారు. నాకూ ఆ మమకారం ఉంది. అరంగుళం ఎత్తులో, అంచులు వాలుగా చెక్కిన రాతి గడప పెట్టి పెద్దవాళ్లనీ, చక్రాల కుర్చీవాళ్లనీ సమాధానపరిచాం. నీళ్లు ఆగుతాయి, చక్రం దాటుతుంది.

చెప్పులు

మూడొందల మంది వస్తే మూడొందల జతలు. జతకి అడుగు చొప్పున, పన్నెండు అడుగుల పొడవు, అయిదు అరలున్న స్టాండులో అరవై జతలు పడతాయి. కాబట్టి అయిదు స్టాండులు. వీటిని మండపం లోపల పెట్టకండి, వానాకాలం వాసన వర్ణించలేం. పక్కన రేకుల చూరు కింద, మెట్లెక్కక ముందే పెట్టండి. దగ్గర్లో నడుమెత్తు రెయిలింగు, ఒక చిన్న అరుగు ఉండాలి. ఫ్లెక్సీ పట్టుకున్న మామ్మ గారి కోసం.

లోపలి సామాను

తక్కువ పెట్టండి. మండపం స్టోర్‌రూమ్‌గా మారడానికి ఒక్క క్రిస్మస్ చాలు. నక్షత్రం ఫ్రేములు, పశువుల పాక గడ్డి, విరిగిన కుర్చీలు ఒకసారి చేరాయంటే ఈస్టరుకి కూడా కదలవు.

రెండు పక్కగోడల వెంట పదిహేడు అంగుళాల ఎత్తులో బెంచీ కట్టండి. దాని కింద ఖాళీ వదిలితే ఊడ్చడం సులువు.

కతోలిక దేవాలయమైతే పవిత్ర జలం పాత్రలు లోపలి తలుపుకి అటూ ఇటూ ఉంటాయి. మా సంఘంలో ఇవి లేవు గానీ, మా వదిన వాళ్ల విచారణలో (పారిష్‌లో) కొత్తవి పెట్టేటప్పుడు నన్నూ పిలిచారు. పాతవి ఇత్తడివి, నిండా చిలుము. కారణం వెతికితే తేలింది: జలాన్ని మంత్రించేటప్పుడు ఉప్పు కలపడం పాత ఆచారం, ఆ ఉప్పే లోహాన్ని తింటోంది. అందుకని గ్రానైటులో తొలిపించాం. ఒకటి మూడడుగుల ఎత్తులో, ఇంకొకటి రెండున్నర అడుగుల్లో, పిల్లలకీ చక్రాల కుర్చీవాళ్లకీ అందేలా.

ఇంకో సంగతి దోమలు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ పాత్రలో నీళ్లు వారానికి ఒకసారి పూర్తిగా తీసి, లోపల రుద్ది, ఆరబెట్టి మళ్లీ నింపాలి. మన దగ్గర నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారాన్ని డ్రైడే అంటారు కదా, అదే రోజు పెట్టుకుంటే గుర్తుంటుంది. తీసిన పవిత్ర జలాన్ని కాలువలో పోయరు, మొక్కల మొదట్లో మట్టిలో పోస్తారు. తపస్సు కాలమంతా (ఈస్టరుకి ముందు నలభై రోజులు) పాత్ర ఖాళీ చేసి ఇసుక నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. రోమ్ దాన్ని 2000లోనే వద్దంది, ఈస్టరు ముందు వచ్చే పవిత్ర గురువారం తర్వాతి ఆ రెండు మూడు రోజులే ఖాళీగా ఉంచమంది.

నోటీసు బోర్డుకి కార్కు వద్దు, మన తేమకి ఉబ్బుతుంది. పీవీసీ పలక మీద గుడ్డ అంటించి, పైన జరిగే అద్దం పెట్టించండి. పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు ఉండాలి, వాటి చోటు వేరుగా గీయించండి. అద్దం తలుపుకి మేము ఏటికొప్పాక లక్క గుండీలు పెట్టాం. అవసరమా అంటే అవసరం లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

కానుకల పెట్టె గోడలోకి బోల్టులతో దిగాలి. రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. బయటి తలుపు పక్కన కాకుండా లోపలి తలుపు పక్కన, కెమెరా కంటికి అందేలా పెట్టండి.

అన్నిటికంటే తలనొప్పి 'జ్ఞాపకార్థం' పలకలు. మన చర్చిల్లో ఫ్యాను రెక్క మీద కూడా పేరుంటుంది. తాతగారి పేరు పెద్దదా, మామగారి పేరు పెద్దదా అని రెండు కుటుంబాలు ఆర్నెల్లు మాట్లాడుకోకపోవడం నేను చూశాను. ముందే తీర్మానం రాసుకోండి: ఒకే గోడ, ఒకే సైజు పలకలు, ఒకే అక్షరం, ఇచ్చిన సొమ్ము అంకె రాయకూడదు. అక్షరాలు గ్రానైటులో లోతుగా చెక్కించండి. పాలరాతి మీద నల్లరంగుతో రాసినవి ఉప్పుగాలికి నాలుగైదేళ్లలో మాసిపోతాయి, అప్పుడు మళ్లీ రంగు ఎవరు వేయించాలన్నది ఇంకో తగువు.

వెలుగు

మండపం పైకప్పు పదడుగులు చాలు. తక్కువ ఎత్తులోంచి ఇరవై అడుగుల హాల్లోకి అడుగుపెట్టినప్పుడు తల దానంతటదే పైకి లేస్తుంది. మండపంలో దీపాలు పసుపు వెలుగువి, మరీ ప్రకాశం లేనివి పెట్టండి. తెల్ల ట్యూబులైటు పెడితే రేషన్ షాపులా ఉంటుంది.

తాళం

చివరిగా ఇది రాసిపెట్టుకోండి. ఆరాధన జరుగుతున్నంతసేపూ ముందు తలుపుకి తాళం గానీ, కింది బోల్టు గానీ వేయకూడదు. చెప్పుల దొంగల భయంతో మా దగ్గర కొన్నాళ్లు వేశారు, నేను గొడవపడి మానిపించాను. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం నాలుగు బోల్టులూ దించి, లోపల అడ్డకర్ర వేయాలి. ఆ అడ్డకర్ర కొలతకి కోయించి, మండపంలోనే బెంచీ కింద పెట్టి ఉంచండి. హుద్‌హుద్ రోజు మా అడ్డకర్ర ఉంది, పెళ్లి పందిరికి పట్టుకెళ్లినవాళ్లు తిరిగి తేలేదు.